అంబులెన్స్ దిగినంక ఆ పది నిమిషాలు

రెండు నెలల కింద ఈ కాలమ్‌ల, యాక్సిడెంట్ అయినోళ్లను ఎట్ల ఎత్తాలె అని నాలుగు మాటలు రాసిన. దానికి వరంగల్, హన్మకొండ, జనగామ, ములుగు దిక్కు నుంచి మస్తు ఉత్తరాలొచ్చినయి, కొన్ని కోపంతోని ఉన్నయి, కొన్ని ఏడ్చుకుంట రాసినట్టే ఉన్నయి. అన్నిటికీ జాగ సరిపోదు గనుక ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఈసారి పూరా కాలమ్ దీనికే పెట్టిన. నేను పదకొండేండ్లు అంబులెన్స్‌ల ఈఎంటీగ, అంటే బండిల దెబ్బలు తాకినోళ్లకు ముందు సాయం చేసేటోనిగ, పని చేసి ఇప్పుడు కొత్త పిల్లలకు నేర్పిస్తున్న, డాక్టర్‌ను కాదు, కాబట్టి నా చేతుల మీద నడిచిన పని గురించే చెప్త.

ప్రశ్న: హైదరాబాద్ హైవే మీద మా ఊరి దగ్గర డీసీఎం గుద్ది ఒక పిలగాడు పడిపోయిండు. అంబులెన్స్ వచ్చింది, గాని దిగినోళ్లు ఉరుకలే. చుట్టూ చూసుకుంట, గ్లౌజులు తొడుక్కుంట, మెడకు పట్టీ కట్టుకుంట కూసున్నరు. ఆటోల ఏస్కపోతమంటే వద్దన్నరు. పానం పోతుంటే ఇంత నిమ్మళంగ ఎట్ల చేస్తరు?
– రఘునాథపల్లి దిక్కు నుంచి ఒక పాఠకుడు

జవాబు: అన్నా, మీ కోపం నాకు సమజైతది. రోడ్డు మీద మనిషి కొట్టుకుంటుంటే నిమిషం గంట లెక్క ఉంటది. ఆ రోజు వచ్చిన ఇద్దరు ఏం చేసిన్రో నేను చూడలే, గాని మీరు నిమ్మళం అనుకున్నదాంట్ల చానా పని ఉంటది, అది బయటికి కనపడది.

ముందుగాల బండి ఎక్కడ ఆపాలె అన్నది. హైవే మీద రెండో యాక్సిడెంట్ మొదటిదానికంటే ఘోరంగ అయితది, ఎందుకంటే అప్పటికే రోడ్డు మీద ఇరవై మంది గుమిగూడి ఉంటరు, వెనక వచ్చే లారీ డ్రైవర్‌కు మలుపు తిరిగినంకనే కనపడతరు. వడ్లు ఆరబోసే సీజన్‌ల రాత్రిపూట అయితే ఇంకా కష్టం, కుప్ప చుట్టూ పెట్టిన బండరాళ్లు మాకే కనపడయి. అందుకే పైలట్, అంటే మా డ్రైవర్, బండిని దెబ్బలు తాకినోళ్లకు అడ్డంగ, లైట్లు వెనక్కి కొట్టేటట్టు పెడ్తడు. డీజిల్ కారుతుందా, కరెంట్ తీగ ఏమన్నా తెగిందా అని చూసినంకనే దిగుతం. మేం పడిపోతే ఆ పిలగాన్ని చూసేటోడు ఇంకో అర్ధగంటకు గాని రాడు.

ఇగ గ్లౌజులు తొడుక్కునే ఆ పది సెకండ్లల్ల కండ్లు ఊకె ఉండయి. బైక్ ఎక్కడ వంగింది, మనిషి బండికి ఎంత దూరంల పడ్డడు, హెల్మెట్ తలకుందా రోడ్డు మీదుందా, కారైతే స్టీరింగ్ వంగిందా, ముందటి అద్దం తల తాకి సాలెగూడు లెక్క పగిలిందా అని చూస్తం. స్టీరింగ్ వంగితే ఛాతి దెబ్బ అనుకోవాలె, అద్దం పగిలితే తల, మెడ. మనిషిని ముట్టుకోకముందే సగం సంగతి బండే చెప్తది.

ముట్టుకున్నంక ఫస్ట్ చూసేది నెత్తురు. ఇదివరకు మాకు ఊపిరితిత్తులు, గొంతు ముందు అని నేర్పేటోళ్లు, ఇప్పుడు ధారగ పోతున్న నెత్తురు అన్నిటికంటే ముందు అని మార్చిన్రు. పెద్ద మనిషి పెయ్యిల ఉండేదే దగ్గరదగ్గర అయిదు లీటర్ల నెత్తురు. తొడల పెద్ద నరం తెగితే కొన్ని నిమిషాలల్లనే మనిషి పోతడు, అప్పుడు ఆక్సిజన్ పెట్టినా ఆ ఆక్సిజన్‌ను మోసేతందుకు నెత్తురు ఉండది. ఒక పిలగాని ముచ్చట చెప్త. నల్ల జీన్స్ ఏసుకొని ఉన్నడు, మాట్లాడుతున్నడు, పైకి మోచెయ్యి గీసుకపోయింది తప్ప ఏం లేదు. మేం ఎప్పుడైనా చేతులు మనిషి కిందికి జొనిపి, బయటికి తీసి గ్లౌజులు చూసుకుంటం, మెడ కింద ఒకసారి, నడుము కింద ఒకసారి, తొడల కింద ఒకసారి. రెండుసార్లు గ్లౌజులు తెల్లగనే వచ్చినయి. మూడోసారి కుడి తొడ కింద నుంచి తీస్తే మణికట్టు దాక ఎర్రగ ఉన్నది. నల్ల బట్ట నెత్తురు తాగేసింది, కింద మట్టి మిగిలింది తాగింది, చుట్టూ నిలబడ్డ నలభై మందిల ఒక్కరికీ కనపడలే. కత్తెరతోని ప్యాంట్ కోసి, గాయంల గాజ్ గుడ్డ కుక్కి, మోకాలు ఆనించి బరువంతా ఏసి ఒత్తిన. చూసేటోళ్లకు నేను ఆ పిలగాని మీద మోకాళ్లేసుకొని ఊకె కూసున్నట్టే అనిపించింది, ఒకాయన నా అంగి పట్టి గుంజిండు కూడా.

నెత్తురు ఆగినంక పేరు అడుగుతం. "నీ పేరేంది తమ్మీ, ఏ ఊరు?" అని అడిగేది రాసుకునేతందుకే కాదు. సక్కగ జవాబిస్తే గొంతు తెరిచి ఉన్నది, ఊపిరి ఆడుతున్నది, మెదడుకు నెత్తురు పోతున్నది, మూడూ ఒక్క మాటతోని తెలుస్తయి. గురక లెక్క శబ్దం వస్తే నాలుక వెనక్కి పడిందన్నట్టు, అప్పుడు మెడ కదలకుంట కింది దవడను ముందటికి లేపి పట్టాలె. తల దగ్గర మోకాళ్ల మీద కూసున్నోడు ఆ తలను రెండు చేతులతోని పట్టుకొని, కాలర్, అంటే మెడపట్టీ ఏసి, వీపు కింద పెట్టే గట్టి బోర్డుకు కట్టేదాక ఇడ్వడు.

ఆటో ఎందుకు వద్దన్నరంటే, ఆటో వెనక సీట్ల మనిషి సాపుగ పండడు. మెడ ఛాతి మీదికి వంగుతది, సోయి లేనోనికి ఆ ఒక్క వంపు చాలు ఊపిరి ఆగెతందుకు. పక్కన కూసున్నోళ్లు గాలి ఇసురుతరు గాని గాయం ఒత్తిపట్టరు. ఇంకోటి, ఆటో దగ్గర్ల ఉన్న చిన్న దవాఖానకు పోతది, అక్కడ సర్జన్ ఉండడు, బ్లడ్ ఉండది, స్కాన్ ఉండది, వాళ్లు చూసి పెద్దదానికి పంపుతరు, ఇట్ల రెండు గంటలు పోతయి. మేం బండిల నుంచే ఫోన్ చేసి, ఇట్ల ఇట్ల దెబ్బలున్నయి, ఇంతసేపట్ల వస్తున్నం అని చెప్తం, ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానకు పోయేసరికి క్యాజువాలిటీల వాళ్లు రెడీగ ఉంటరు. అయితే ఒక మాట నిజంగ చెప్పాలె. అంబులెన్స్ రానే రాదని తేలిపోయి, నెత్తురు ఆగకుంట పోతుంటే, మెడ కోసమని చూసుకుంట కూసోవద్దు. ట్రాలీ ఆటోల తలుపో చాపో ఏసి సాపుగ పండబెట్టి, ఒకరు తల పట్టుకొని, ఒకరు గాయం ఒత్తుకుంట పోండి.

మేం స్పాట్‌ల ఉండేది పది నిమిషాలకు మించొద్దు అనే లెక్క మాది. బండిల ఇరుక్కపోతే వేరే సంగతి. సూది, సెలైన్ అన్నీ నడిచే బండిల పెడ్తం. చానామంది బంధువులు "సెలైన్ పెట్టలే, రెండు బాటిళ్లు కూడ ఎక్కియ్యలే" అని మీదికొస్తరు. అన్నా, సెలైన్ ఉప్పు నీళ్లు, నెత్తురు కాదు. లోపల తెగినకాడ పానమే ఒక గడ్డ కట్టి ఆపుకుంటది, మనం జోరుగ సెలైన్ ఎక్కిస్తే బీపీ పెరిగి ఆ గడ్డ ఊడుతది, మిగిలిన నెత్తురు పలచబడుతది, సల్లబడుతది. మణికట్టు దగ్గర నాడి తాకుతుందంటే చానావరకు ఆ మాత్రం బీపీతోని దవాఖాన దాక తీస్కపోవచ్చు. తలకు దెబ్బ ఉంటే మాత్రం వేరే లెక్క, మెదడుకు బీపీ తక్కువ కావద్దు, అక్కడ డాక్టర్‌తోని ఫోన్ల మాట్లాడి చూసుకుంటం.

దుప్పటి ముచ్చట కూడా అడిగిన్రు కొందరు, మే నెల ఎండల దుప్పటెందుకు కప్పుతరని. నెత్తురు పోయిన పెయ్యి వేడిని నిలుపుకోలేదు, సల్లబడ్డ నెత్తురు గడ్డ కట్టది, గడ్డ కట్టకుంటే ఇంకింత పోతది. అందుకే బయట నలభై నాలుగు డిగ్రీలున్నా బండిల ఏసీ బంద్ చేసి దుప్పటి కప్పుతం. కాని అదే ఎండల తారు రోడ్డు మీద పడి ఉన్న మనిషికి వీపు కింద కాలుతది, బొబ్బలొస్తయి. మేం వచ్చేదాక గొడుగు పట్టినా, చీర అడ్డం పట్టినా చానా మేలు చేసినట్టు.

ప్రశ్న: నేను ఈఎంటీ కోర్సు చేస్తున్న సార్. డ్యూటీ ఎక్కంగనే బండి చెక్ చేసుకోవాలె అంటరు, గాని లిస్ట్ మీద టిక్కులు కొట్టుడే కనపడ్తుంది. నిజంగ ఏం చూడాలె?
– హన్మకొండ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: చెల్లె, ఈ ప్రశ్న అడిగినందుకే నువ్వు మంచి ఈఎంటీవి అయితవు. నా తప్పు ఒకటి చెప్త విను. నేను చేరిన రెండో ఏడు, నోట్ల నెత్తురు, కక్కు గుంజే సక్షన్ మిషన్ ఉందా అంటే ఉంది అని టిక్ కొట్టిన, ఆన్ చేసి చూడలే. ఆ రోజు మాపటిలి ఒక పెద్దమనిషి, దవడ పగిలి నోటినిండ నెత్తురు, మల్లకపడి ఉన్నడు, మిషన్ నొక్కితే ఉం అని ఒక్కసారి మూలిగి ఆగింది, చార్జింగ్ లేదు. ఆయన్ను తల, మెడ, నడుము ఒక్క తీరుగ పట్టి పక్కకు తిప్పి, నెత్తురు బయటికి కారేటట్టు చేసి, చేతితోని నొక్కే చిన్న సక్షన్ ఉంటే దానితోని గుంజుకుంట తీస్కపోయినం. బతికిండు. గాని ఆ పక్కకు తిప్పే ఆలోచన రానీకె నాకు ఎన్ని సెకండ్లు పట్టిందో నాకే తెలుసు, ఆ సెకండ్లు ఆయనవి.

కాబట్టి చెక్ అంటే చేతులతోని చెయ్యాలె. సక్షన్ పైపు గిలాసల నీళ్లల్ల పెట్టి గుంజుతుందా చూడు. ఆక్సిజన్ సిలిండర్ ముల్లు ఎక్కడుందో చూసుడు ఒక్కటే కాదు, వాల్వ్ తిప్పి, మాస్క్ దాక గాలి వస్తుందా చెంపకు పెట్టుకొని చూడు. ఊపిరి ఆడనోళ్లకు పిండి గాలి కొట్టే అంబు బ్యాగ్ నోరు అరచేత్తోని మూసి పిండు, గాలి పోతే లీక్ ఉన్నట్టు. కాలర్లు పెద్దోళ్లవి, పిల్లలవి రెండూ ఉండాలె, స్పైన్ బోర్డు బెల్టుల బకిల్ పడుతుందా చూడు, మట్టి పట్టి సగం పడవు. కత్తెర ఒక జీన్స్ ముక్క మీద కోసి చూడు. గాజ్, క్రేప్ బ్యాండేజ్, టార్నికేట్ అనే బిగింపు పట్టీ, ఇవి బ్యాగుల అడుగున కాదు పైన ఉండాలె, చీకట్ల కండ్లు మూసుకొని చెయ్యి పెడితే దొరకాలె. నేను కొత్త పిల్లలకు లైట్ బంద్ చేసి తీయిస్త. గ్లూకోమీటర్ బ్యాటరీ కూడా మరువకు, యాక్సిడెంట్ చేసినోడు తాగిండని అందరంటరు, షుగర్ పడిపోయి గుద్దినోళ్లను నేను చూసిన. పైలట్ టైర్లు, డీజిల్, సైరన్ చూసుకుంటడు, ఆయన చూసిండా అని అడుగుడు నీ పని, నువ్వు చూసినవా అని అడుగుడు ఆయన పని.

ఇంకోటి, కాల్ వచ్చినంక దారిల మాట్లాడుకోవాలె. బైక్ యాక్సిడెంట్, ఇద్దరు, ఒకరికి సోయి లేదు అని ఫోన్ల వచ్చిందనుకో, నేను సోయి లేనోని తల దగ్గరికి పోత, నువ్వు బోర్డు, కాలర్ తీస్కరా, రెండోవాన్ని ఊరోళ్లతోని ఒత్తిపట్టించు, రెండో అంబులెన్స్ ఇప్పుడే అడుగుదమా అని బండిలనే తేల్చుకోవాలె. అక్కడ దిగినంక జనం లొల్లిల మాట ఇనపడది.

ప్రశ్న: మా నాయిన గీత కార్మికుడు. పోయిన ఎండకాలం తాడి మీది నుంచి పడ్డడు. మేం నలుగురం కాళ్లు రెక్కలు పట్టి ఎత్తి మంచంల ఏసుకొని రోడ్డు దాక తెచ్చినం. ఇప్పుడు నడుము కింద పట్టు లేదు. మేం ఎత్తుడు వల్లనే ఇట్లయిందా అన్నా?
– జనగామ జిల్లా నుంచి

జవాబు: తమ్మీ, ఈ ఉత్తరం చదివి నేను చానాసేపు కాయితం పక్కకు పెట్టి కూసున్న. మీ నాయిన స్కాన్ నేను చూడలే, గాని ఇంత మాత్రం చెప్తా: తాడి అంత ఎత్తు నుంచి పడితే చానామందికి బొక్క నలిగి నరం దెబ్బ తినేది నేలకు తాకిన ఆ క్షణంలనే. ఆయన కింద పడంగనే కాళ్లు కదిపిండా లేదా అన్నది గుర్తు చేసుకో, అప్పుడే కదపకపోతే మీరు ఎత్తేటప్పటికే అయిపోయింది. ఒకవేళ కదిపినా కూడా, మీరు నాయినను బతికిచ్చుకుందామనే ఎత్తిన్రు, వేరే ఎట్ల ఎత్తాలెనో మీకు ఎవ్వరూ చెప్పలే. చెప్పాల్సింది మాలాంటోళ్లం. ఇప్పుడు చూడాల్సింది పుండ్లు పడకుంట రెండు గంటలకోసారి పక్కకు తిప్పుడు, మూత్రం సంగతి, ఫిజియోథెరపీ. అవి మానకుండ్రి.

మిగతోళ్ల కోసం చెప్త, ఎందుకంటే మన జనగామ, వరంగల్ దిక్కు తాటివనం లేని ఊరు లేదు. పడ్డ మనిషి దగ్గరికి ఒక్కరే పోయి తల పక్కకు ఒరగకుంట రెండు చేతులతోని పట్టుకోవాలె, "కదలకు, లేవకు, నేనున్న" అని చెప్పాలె. లేపి కూసోబెట్టి నీళ్లు తాపుడు అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు. కాళ్లల్ల తిమ్మిరుందా, బొటనవేలు కదుపుతవా అని అడిగి గుర్తుంచుకోండి, మేం వచ్చినంక చెప్పాలె. ఛాతి లేవకుంట పొట్ట ఒక్కటే లేచి పడుతుంటే మెడ దెబ్బ అని భయపడాలె, ఫోన్ల ఆ మాట చెప్పండి. కక్కు వస్తే మాత్రం పక్కకు తిప్పక తప్పదు, అప్పుడు నలుగురు కావాలె, తల పట్టుకున్నోడు లెక్క పెడ్తడు, ఒకరు భుజం, ఒకరు నడుము, ఒకరు కాళ్లు, మూడు అనంగనే దుంగ దొర్లినట్టు ఒక్కసారే తిప్పాలె. ఎత్తక తప్పదంటే మంచం నులక వదులుగ కుంగుతది, తలుపు చెక్కనో నిచ్చెన మీద గట్టి పలకనో నయం.

మోకుల, అంటే చెట్టు ఎక్కే తాడుల ఇరికి చెట్టు మీదనే తలకిందులుగ యాలాడేటోళ్లు కూడా ఉంటరు. మోకు కొయ్యొద్దు, కోస్తే కింద పడ్తడు. ఫైర్ స్టేషన్‌కు 101 కొట్టండి, ఇంకో గీత కార్మికుడు ఎక్కి ఆయన్ను మోకుతోనే చెట్టుకు ఆనించి పట్టుకోవాలె, తల పైకి తేవాలె. 2024 జులైల సర్కారు కాటమయ్య రక్షణ కవచం అని నడుముకు కట్టుకునే సేఫ్టీ కిట్లు ఇచ్చుడు మొదలుపెట్టింది. ఉక్కపోస్తదని, ఎక్కుడు ఆలిస్యమైతదని కొందరు ఇంట్ల పెట్టుకుంటున్నరని విన్న, దండం పెట్టి చెప్తున్న, కట్టుకోండ్రి.

ప్రశ్న: మిర్చి ఏరుడుకు పోయే కూలోళ్ల ట్రాలీ బోల్తా పడ్డది. అంబులెన్స్ వచ్చి బాగ ఏడుస్తున్నోళ్లను ఇడిసిపెట్టి, సప్పుడు లేకుంట కూసున్న మనిషిని ముందుగాల తీస్కపోయిన్రు. ఇదేం న్యాయం?
– ములుగు దిక్కు నుంచి ఒక అక్క

జవాబు: అక్కా, గట్టిగ ఏడ్చేటోళ్లకు ఊపిరి ఉన్నది, సోయి ఉన్నది. మాకు భయం సప్పుడు చెయ్యనోళ్లతోనే. పదహారు మంది, అంబులెన్స్ ఒక్కటి ఉన్నప్పుడు ఒక్కొక్కరి దగ్గర అర నిమిషానికి మించి ఉండొద్దు. నడిచేటోళ్లందరూ ఆ చెట్టు కిందికి రండి అని అరుస్తం, వచ్చినోళ్లకు ఆకుపచ్చ గుర్తు, అంటే కొంచెం ఆగగలిగినోళ్లు. రానోళ్ల దగ్గరికి పోయి ఊపిరి చూస్తం, నిమిషానికి ముప్పై దాటితే ఎర్ర గుర్తు, అంటే అందరికంటే ముందు తీస్కపోవాల్సినోళ్లు. గోరు నొక్కి ఇడిస్తే రెండు సెకండ్లల్ల మల్ల ఎర్రబడకుంటే ఎర్ర గుర్తే. "నా చెయ్యి పిసుకు" అంటే పిసకకపోతే కూడా అంతే. ఇవన్నీ బాగుండి నడవలేనోళ్లకు పసుపు. గొంతు సక్క చేసి చూసినా ఊపిరి రానోళ్లకు నల్ల గుర్తు, అది పెట్టుడు అన్నిటికంటే కష్టమైన పని, నేను రెండుసార్లు పెట్టిన.

అచ్చం ఇట్లాంటి ట్రాలీ దగ్గరనే ఒకామె చక్రానికి ఆనుకొని కూసున్నది, నడుముకు మిర్చి ఏరే సంచి ఇంకా కట్టుకొనే ఉన్నది. "నాకేం కాలే సారూ, పిల్లను చూడుండ్రి" అన్నది. పిల్ల గొంతు చించుకొని ఏడుస్తుంది, చెయ్యి ఇరిగింది, అంతే. ఆమె చెయ్యి పట్టుకుంటే గాజులకాడ సల్లగ, చెమటతోని జారుతున్నది, గోరు నొక్కితే తెల్లగనే ఉండిపోయింది, నాడి కొట్టుకుంటున్నదా లేదా అన్నంత సన్నగ, జోరుగ ఉరుకుతున్నది. ఆమెనే ముందు ఎక్కించినం. జనం నన్ను తిట్టిన్రు. ఆమెకు లోపల ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం పగిలింది, ఆపరేషన్ చేసి బతికిచ్చిన్రు. పిల్లల సంగతి ఇంకో తీరు, వాళ్లు చానా సేపు బాగున్నట్టే కనపడి ఒక్కసారి పడిపోతరు, పది కిలోల పిల్లకు పెయ్యిల ఉండే నెత్తురే ఎనిమిది వందల మిల్లీలీటర్లు, ఒక గ్లాసు పోయినా ఎక్కువే.

చిన్న ప్రశ్నలు కొన్ని ఒక్కతాన:

ఫోన్ చేస్తే ఏం చెప్పాలె? 108 కొట్టండి, 112 కొట్టినా సాయం దొరుకుతది, నేషనల్ హైవే మీద అయితే 1033 కూడా ఉన్నది. 108 మన హైదరాబాద్‌లనే 2005 ఆగస్టు 15న మొదలైంది. ముందు జాగ చెప్పండి, ఊరి పేరొక్కటే కాదు, ఏ దిక్కు పోయే రోడ్డు, కిలోమీటర్ రాయి, పెట్రోల్ బంకో గుడో ఏదుంటే అది. ఎంతమంది, ఎవరికి సోయి లేదు, ఎవరన్నా ఇరుక్కున్నరా. యాక్సిడెంట్ ఎన్ని గంటలకు అయిందో గుర్తుపెట్టుకోండి, నెత్తురు ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు దెబ్బ తాకిన మూడు గంటల లోపల ఇస్తేనే మేలు చేస్తది. 2010ల 20 వేలమందికి పైగ మీద చేసిన పెద్ద పరీక్షల ఆ మందు పానాలు కాపాడుతదని తేలింది.

హెల్మెట్ తియ్యాల్నా? ఊపిరి సక్కగ ఉంటే తియ్యకండి, అద్దం లేపి, పట్టీ వదులు చేసి ఉంచండి. ఊపిరి ఆడకుంటే, నోట్ల నెత్తురు, కక్కు నిండితే ఇద్దరు కలిసి తియ్యాలె, ఒకరు కింది నుంచి మెడ, దవడ పట్టుకోవాలె, ఇంకొకరు హెల్మెట్‌ను చెవులకాడ వెడల్పు చేసి మెల్లగ గుంజాలె.

కండువతోని కట్టు కట్టొచ్చా? ముందు గుడ్డ పెట్టి బలంగ ఒత్తండి, చానావరకు దానికే ఆగుతయి. తీసి తీసి చూడొద్దు. చెయ్యో కాలో నుంచి చిమ్ముకుంట పోయి ఒత్తినా ఆగకుంటేనే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండ, వెడల్పు కండువ చుట్టి మధ్యల కట్టె పెట్టి నెత్తురు ఆగేదాక మెలి తిప్పాలె, టైం నుదుటి మీదనో చెయ్యి మీదనో పెన్నుతోని రాయాలె, మల్ల వదులు చెయ్యొద్దు. సగం బిగించుడు అసలు కట్టకుండుట కంటే చెడ్డది, నెత్తురు లోపలికి పోతనే ఉంటది, మర్లి రాదు, గాయంలకెల్లి ఇంకెక్కువ కారుతది. ఇనుప తీగ, సన్న తాడు వద్దు. పసుపు, కాఫీ పొడి, మట్టి, బీడీ పొగాకు ఏదీ గాయంల పెట్టొద్దు.

నర్సంపేట నుంచి ఒక తల్లి అడిగింది, గడ్డి కోసే మిషన్ల వేలు తెగితే ఏం చెయ్యాలె అని. అమ్మా, తెగిన వేలును నీళ్లల్లనో ఐస్ మీదనో డైరెక్ట్‌గ పెట్టకుండ్రి. తడిపిన శుభ్రమైన గుడ్డల చుట్టి, కవర్ల ఏసి గట్టిగ కట్టి, ఆ కవర్‌ను ఐస్ నీళ్లున్న గిన్నెల పెట్టి మనిషితోపాటే పంపాలె. పెయ్యిల గుచ్చుకున్న ఇనుప కడ్డీనో కట్టెనో మాత్రం గుంజొద్దు, కదలకుంట చుట్టూ గుడ్డలు పెట్టి కట్టి తేవాలె.

సాయం చేస్తే పోలీస్ కేసుల ఇరుక్కుంటమా? ఇరుక్కోరు. 2016ల సుప్రీంకోర్టు తీర్పు, 2019ల మోటారు వాహనాల చట్టంల 134ఏ సెక్షన్, రెండూ మీ పక్షమే. పేరు చెప్పమని, సాక్షిగ ఉండమని బలవంతం చెయ్యొద్దు. గోల్డెన్ అవర్‌ల, అంటే దెబ్బ తాకిన మొదటి గంటల, దవాఖానకు చేర్చినోళ్లకు కేంద్రం 2021ల 5 వేలు ఇస్తనన్నది, 2025ల దాన్ని 25 వేలు చేసింది. 2025 మే నుంచి రోడ్డు యాక్సిడెంట్ అయినోళ్లకు లిస్టుల ఉన్న దవాఖానలల్ల ఏడు రోజుల దాక లక్షన్నర వరకు పైసలు కట్టకుంట వైద్యం చేసే స్కీం కూడా వచ్చింది. అంబులెన్స్‌కు దారి ఇయ్యకపోతే 10 వేలు జుర్మానా, అది 194ఈ సెక్షన్.

ప్రశ్న: చేరి నాలుగు నెలలైంది అన్నా. పోయిన వారం నా వయసు పిలగాడు బండిల నా చేతుల మీదనే పోయిండు. అన్నీ రూల్ ప్రకారమే చేసిన. కండ్లు మూస్తే ఆ మొఖమే. నేను ఈ పనికి పనికిరానా?
– పేరు రాయొద్దన్నడు

జవాబు: తమ్మీ, పనికొస్తవు. నిద్ర పడుతలేదంటే నీకు ఆ పిలగాడు మనిషి లెక్క కనపడ్డడని అర్థం. నువ్వు రాసిన ముచ్చట మొత్తం రెండుసార్లు చదివిన, ఛాతిల అంత దెబ్బ ఉన్నోన్ని ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నా బతికిచ్చుడు కష్టం, నువ్వు బండిల ఏం చేసినా ఆగేది కాదు. ఇది నిన్ను ఓదార్చేతందుకు అంటలేను, తప్పుంటే తప్పని చెప్పేటోన్నే.

నాకు మొదటిసారి ఇట్లయినప్పుడు ఎవ్వరికీ చెప్పలే, ఇంట్ల ఊకె కసురుకునేటోన్ని, మా అమ్మ అన్నం పెడితే ఆ వాసనకే లేచిపోయేటోన్ని. మూడు నెలలు అట్లనే గడిచినంక ఒక రాత్రి మా పైలట్ మడికొండ దగ్గర చాయ్ తాగుకుంట, "ఆ రోజు నాకు కూడ చేతులు వణికినయిరా, స్టీరింగ్ పట్టుకునే ఉన్నగాని" అన్నడు. ఆ ఒక్క మాటకు నా గుండె బరువు సగం దిగింది. నువ్వు ఆగకు. ఆ కాల్‌కు నీతోని వచ్చిన పైలట్‌తోనే మాట్లాడు, ఫోన్ వచ్చిన కాంచి దవాఖానల అప్పజెప్పినదాక వరుసగ ఇద్దరు చెప్పుకోండ్రి, ఎక్కడ ఏం చేసిన్రో, ఏం చెయ్యలేకపోయిన్రో. డ్యూటీ దిగినంక తాగుడు అలవాటు చేసుకోకు, మనోళ్లల్ల దాంట్ల పోయినోళ్లున్నరు. నెల దాటినా ఆ మొఖం అట్లనే వస్తుంటే, సైరన్ వినంగనే పెయ్యి బిగుసుకపోతుంటే డాక్టర్‌కు చూపించుకో, 14416కు ఫోన్ చేస్తే మనసు బాధలకు సర్కారు పెట్టిన టెలీ మానస్ వాళ్లు పైసల్లేకుంట మాట్లాడుతరు, తెలుగులనే మాట్లాడొచ్చు.

శనివారం పొద్దుగాల నేను కొత్త పిల్లలకు స్పైన్ బోర్డు నేర్పిస్త, తల పట్టుకునేతందుకు నాకు ఒక మనిషి కావాలె. నీ పైలట్‌ను కూడా తోలుకొని రా.